నిన్నటి జతగాళ్లకు ఈరోజు సూపర్‌వైజర్: పని చెప్పేదెట్లా?

ప్రశ్న (తాడిపత్రి నుంచి):
గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీలో నన్ను సూపర్‌వైజర్‌ని చేసినారు. కింద 14 మంది, అందరూ పాత జతగాళ్లే. చెబితే "సరేలే" అంటారు, పని మాత్రం అట్లే ఉంటాది. ఏం చేయాల అన్నా?

జవాబు 1:
"స్లాబులు జాగ్రత్తగా చూడండి" అంటే ఎవరికీ పని చెప్పినట్టు కాదు తమ్ముడూ. ఎవరు, ఎన్ని, ఎన్నింటికి, ఎట్లుంటే సరి, ఈ నాలుగూ ఉండాల. "లోడు 2 గంటలకు పోవాల. ఈ 40 నువ్వు చూడు, మూల విరిగింది పక్కన పెట్టు." తర్వాత అదే మాట అతని నోటితో చెప్పించు. తేడా అక్కడే బయటపడుతాది. షిఫ్టు మొదట్లో 10 నిమిషాలు, నిలబడే మాట్లాడండి.

జవాబు 2:
తప్పు జరిగితే అదే రోజు పక్కకు పిలిచి చెప్పాల. నలుగురిలో అంటే తప్పు దాచడం నేర్చుకుంటారు, విరిగిన స్లాబు నేరుగా లోడులోకి పోతాది. సెలవులు, ఓవర్‌టైం వరస రాసి గోడకు అంటించు. జతగాడికి ముందు ఇచ్చినావంటే మిగతావాళ్లు ఊరుకోరు.

జవాబు 3:
కోతలో నీళ్లు ఆగితే మిషన్ ఆపించాల, లోడు లేటైనా సరే. నీళ్లు లేకుంటే రాతి దుమ్ము లేస్తాది. ఆ దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తాది, దానికి నయం లేదు. మాస్కు ముందు నువ్వు పెట్టుకో.