సమస్యాపూరణం: తాగనట్టివాడు తాగుబోతు

ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి:

తాగనట్టివాడు తాగుబోతు

ఐదు సూర్యగణాలు (రెండు మూడక్షరాల చిన్న గణాలు), తా–తా యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం). విషయం ఇంట్లో కాచిన సారా. పల్లెల్లో దాని మీద పాడుకునే పాటల్లో ఉన్న నవ్వు పద్యంలోకి రావాలి. తాగమనే పద్యాలు వద్దు, తాగినవాణ్ని తిట్టేవీ వద్దు. మాట మన తెలంగాణది కావచ్చు, గణయతులు మాత్రం తప్పొద్దు.

పరకాల నుంచి:

జీపు రాగ జూసి చెంగున దూకిరి
తాగినోళ్ళు గోడ దాటి దాటి
ముంత చేతబట్టి ముందట నిలిచిన
తాగనట్టివాడు తాగుబోతు

హనుమకొండ మాస్టారు: "దాటి దాటి" దగ్గర నవ్వాపుకోలేకపోయాను. ఆ రెండో "దాటి"తో వాడకట్టు వాడకట్టే గోడలు దూకుతున్నట్టుంది. జీ–చెం, తా–దా యతులు చెల్లుతాయి. తాగనివాణ్ని తాగుబోతన్నది ఎక్సైజోళ్ళు, కవి కాదు. విరోధం అట్ల తీరింది. కానీ ఆ అన్నవాళ్ళు పద్యంలో లేరు, జీపును బట్టి మనమే ఊహించుకోవాలి. అదొక్కటే లోటు.

ములుగు నుంచి:

అడవి దారి వెంట ఆకాశ మూగెను
కాలు నిలువదాయె కన్ను తిరిగి
ఇప్పపూల గాలి ఊపిరి పీల్చిన
తాగనట్టివాడు తాగుబోతు

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి తప్పింది తమ్మీ. ఇ–ఊ కలవవు. ప్రాసయతి (రెండో అక్షరాలు కలవడం) అనుకుందామన్నా ప్ప, పి కుదరవు. "ఇప్పపూల గాలి ఇంత పీల్చిన చాలు" అని మార్చు. చివర రావాల్సిన రెండు ఇంద్రగణాలుగా ర, సల పడతాయి, మాటా తేలికవుతుంది. ఊహ మాత్రం బంగారం. ఏటూరునాగారం అడవుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లారకముందే పూలు రాలుతాయి. చెట్టు కింద ముందే ఊడ్చిపెట్టుకుని బుట్టలకెత్తుతారు. ఆ వేళ అటు నడిచినవాళ్ళకు ఆ తియ్యటి ఘాటు తెలుసు. అతిశయోక్తికి అంత ఆధారం చాలు.

ములుగు: ఇప్పపూల బదులు గుడుంబా పెడితే ఇంకా నవ్వొస్తదేమో అన్నా?

నిర్వాహకుడు: వద్దు. ఇప్పసారా పూలను నానబెట్టి, పులియబెట్టి కాచేది. గుడుంబా నల్లబెల్లం పానకంలో పటిక, నవసాగరం వేసి కాచేది. 1993లో సారా నిషేధం వచ్చినా అది ఆగలేదు, ఎన్ని ఇళ్ళు కూల్చిందో మనకు తెలుసు. ఒకదాని పేరు పెట్టి ఇంకొకదాని వాసన చెబితే ఊరివాళ్ళు ఇట్టే పట్టేస్తారు.

నర్సంపేట అక్క:

సార ముంత పట్టి సగము రాతిరి దాక
ఇంటి బువ్వ మరచి ఎగిరి ఎగిరి
పొద్దుగాల లేచి పొలముకా డంబలి
తాగనట్టివాడు తాగుబోతు

హనుమకొండ మాస్టారు: ఇదీ పూరణ! తాగనిది సారా కాదు, అంబలి. సమస్యలో ఒక్క అక్షరం కదపకుండా అర్థం తిప్పేశారు. రాత్రి ఎగిరినవాడికి పొద్దున అంబలి ఎందుకు దిగదో వేరే చెప్పాలా? కాడ + అంబలికి సంధి చేయొచ్చా అని ఎవరైనా అడిగితే, అత్వసంధి బహుళమే, అంటే చేయొచ్చు. "మరచి యెగిరి" అని యడాగమం కావాలంటారు కొందరు. నేనైతే ఇట్లనే ఉంచుతాను, పాటలాగా నోటికొస్తోంది.

నిర్వాహకుడు: అక్కా, ఇదే ఊపులో బెల్లం మీద ఇంకొకటి రాయండి. మేడారంలో ఎత్తు తూచి తల్లులకిచ్చే బంగారమూ బెల్లమే, గుడుంబా కుండలో పడేదీ బెల్లమే. ఆ రెంటినీ ఒక్క ఆటవెలదిలో ఇమిడించడం మీవల్ల అవుతుంది. మిగతావాళ్ళకు ఆదివారం దాకా గడువుంది.