‘బతుకంతా...’ కాళోజీ పాదంలో చివరి మాట దేశమా, రాజ్యమా?

హనుమకొండ నుంచి ప్రశ్న: జమ్యాతిన్ రష్యన్ నవల ‘మేము’ చదువుతున్నాను. అందులో గాజు గోడల ఇళ్లలో ఉండే మనుషులకు పేర్లకు బదులు అంకెలు ఉంటాయి. ముద్దను యాభై సార్లు నమలాలన్నది కూడా రాజ్యశాసనమే. సొంతానికంటూ రోజుకు రెండే గంటలు మిగులుతాయి. ఆ పుటలు చదువుతుంటే ‘పుట్టుక నీది, చావు నీది, బతుకంతా...’ అన్న పాదం నోటికి వస్తోంది. దాని ముగింపు ‘దేశానిది’ అనా, ‘రాజ్యానిది’ అనా?

కాజీపేట: దేశానిదే. అయితే మీరు రాసిన ‘పుట్టుక’ను ‘పుటక’గా సవరించుకోవాలి. పలకడానికి పట్టే కాలాన్ని మాత్రల్లో కొలిస్తే పుటక, నీది, చావు, నీది అన్నవి మూడేసి మాత్రలు; బతుకంతా, దేశానిది అన్నవి ఆరేసి మాత్రలు. ‘ట్టు’ అనే ద్విత్వం చేరితే తొలి అడుగులోనే ఒక మాత్ర పెరిగి నడక చెడుతుంది. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్న కవి మన నోటి మాటనే ఎంచుకున్నారని నా నమ్మకం.

జనగామ: మాత్రల లెక్కతో నాకు పేచీ లేదు, కానీ ‘రాజ్యానిది’ కూడా ఆరు మాత్రలే కనుక అసలు ప్రశ్న ఆ లెక్కతో తేలదు. ఆ పాదం జయప్రకాశ్ నారాయణ్‌ను ఉద్దేశించినది. ఎమర్జెన్సీలో రాజ్యం జైల్లో పెట్టిన మనిషి బతుకును, అదే ఎమర్జెన్సీని ఎదిరించి ఎన్నికల బరిలో నిలిచిన కాళోజీ, రాజ్యానికి రాసివ్వరు. ఇక్కడ దేశం అంటే గురజాడ చెప్పిన మనుషులే.

హనుమకొండ: అలాగైతే నవల ఈ పాదాన్ని పూర్తిగా తిరగేసింది. అక్కడ తల్లి కావడానికి కూడా ఎత్తు కొలత ఉంది. ఆ కొలతకు తక్కువైన ఓ-90 అనే స్త్రీ బిడ్డ కోసం తపించిపోతుంది. పుటకే నీది కానప్పుడు బతుకును ఇచ్చే హక్కు ఎవరికి ఉంటుంది?

కరీంనగర్: నన్ను పట్టి ఉంచేది ‘నీది’లో సొంతాన్ని చెప్పే ‘ది’. అమెరికన్ రచయిత్రి అర్సులా లెగ్విన్ 1974 నవల ‘ది డిస్‌పొసెస్డ్’లో సొంత ఆస్తి లేని అనారెస్ అనే లోకంలో జనం ‘నా రుమాలు’ అనకుండా ‘నేను వాడే రుమాలు’ అంటారు. ఏకైక సంతానం కూడా ‘మా అమ్మ’ అనే మన భాష ఆ ఊహకు సగం దూరంలో ఉందని నా వాదన.

కాజీపేట: ‘మా’లో ఎదుటివాడికి చోటు లేదు కనుక ఆ వాదన నిలవదు. జమ్యాతిన్ నవల పేరును కూడా ‘మేము’ అనే ఎందుకు అనాలి? గాజు గోడల రాజ్యం ఎవరినీ బయట ఉండనివ్వదు కాబట్టి అది ‘మనం’ కావాలి.

జనగామ: నవలలో ఆ రాజ్యం చుట్టూ ఉన్న ఆకుపచ్చ గోడకు అవతల మనుషులున్నారు. ‘మేము’ అనే ఉంచండి.