స్వీప్‌స్టేక్స్ నిబంధనల్లో తప్పు దొర్లితే నష్టం ఎవరు భరించాలి?

నిబంధనల పాఠకురాలు:
అమెరికాలో స్వీప్‌స్టేక్స్‌కు, అంటే కంపెనీలు ప్రచారం కోసం పెట్టే బహుమతుల డ్రాలకు, ఎంట్రీలు పంపేవారిలో అధికారిక నిబంధనలు చివరిదాకా చదివేవారు తక్కువ. నేను చదువుతాను. చదివినకొద్దీ ఒళ్లు మండుతోంది. ఒక గృహోపకరణాల కంపెనీ డ్రా కాగితమే తీసుకోండి. మొదటి పేరాలో 18 ఏళ్లు నిండినవారు అర్హులన్నారు, నాలుగో పేరాలో 21 అన్నారు. తపాలా ఎంట్రీల మీద జూన్ 15లోగా పోస్టుమార్క్ పడాలి, అవి జూన్ 12లోగా తమకు చేరాలి అని ఒకే వాక్యంలో రాశారు. విజేతల జాబితా కావాలంటే ఉత్తరం రాయవలసిన చిరునామాలో మరో కంపెనీ పేరుంది. పాత పోటీ కాగితం తెచ్చి అతికించి, పేర్లు మార్చడం మరిచిపోయారు.

మన వైపు నుంచి చిన్న పొరపాటు జరిగితే వెంటనే అనర్హులం. జిప్ కోడ్‌లో ఒక్క అంకె తప్పినా, ఒకే రోజు రెండోసారి ఫారం పంపినా ఎంట్రీ చెల్లదు. అదే కాగితంలో ముద్రణ లోపాలకు నిర్వాహకులు బాధ్యులు కారనే వాక్యం కూడా ఉంటుంది. ఇది ఏ రకంగా న్యాయం? రాసిన మాటకు రాసినవారే కట్టుబడాలి, నష్టమూ వారే భరించాలి. మీరేమంటారు?

ప్రచార విభాగం ఉద్యోగి:
మీ కోపం అర్థమైంది కానీ మీతో ఏకీభవించలేను. వయసు విషయంలో ముందు ఒక మాట. నెబ్రాస్కాలో 19, మిసిసిపీలో 21 నిండితేనే చట్టరీత్యా మేజర్. రాష్ట్రాన్నిబట్టి అంకె మారుతుంది కాబట్టి అక్కడ గందరగోళం సహజం.

ఇక అసలు సంగతి. 1989లో క్రాఫ్ట్ కంపెనీ చికాగో, హ్యూస్టన్ ప్రాంతాల్లో జున్ను ప్యాకెట్లతో ఒక పోటీ పెట్టింది. ప్యాకెట్‌లోని ముక్క, పత్రికలో వచ్చిన ముక్క సరిపోలితే బహుమతి. పెద్ద బహుమతి డాడ్జ్ వ్యాన్. ముద్రణలో పొరపాటు జరిగి, గెలిచే ముక్కలు లెక్కకు మించి జనంలోకి వెళ్లాయి. కంపెనీ పోటీని రద్దు చేసింది, వ్యవహారం కోర్టుకెక్కి రాజీతో ముగిసింది. ప్రకటించిన సంఖ్యకు మించి బహుమతులు ఇవ్వబోమని నిబంధనల్లో రాసే షరతును మా వృత్తిలో ఈనాటికీ క్రాఫ్ట్ క్లాజు అనే అంటారు. అచ్చయిన ప్రతి తప్పుకూ డబ్బు కట్టమంటే చిన్న కంపెనీలు ఇలాంటి డ్రాలు పెట్టడమే మానేస్తాయి. నష్టపోయేది మళ్లీ మీరే.

నిబంధనల పాఠకురాలు:
క్రాఫ్ట్ ఉదాహరణ వేరు, నేను అడిగింది వేరు. అక్కడ తప్పింది టికెట్ల ముద్రణ. 1992లో ఫిలిప్పీన్స్‌లో పెప్సీ పోటీలో తప్పింది గెలిచే సంఖ్య ఎంపిక. గెలిచే సంఖ్య 349 అని ప్రకటించారు, ఆ సంఖ్య ఉన్న సీసా మూతలు అప్పటికే లక్షల్లో జనం చేతుల్లో ఉన్నాయి, ఒక్కొక్కరూ పది లక్షల పెసోలు వస్తాయనుకున్నారు, అల్లర్లు జరిగి ప్రాణాలు కూడా పోయాయి. కంపెనీ బాధ్యురాలు కాదని అక్కడి సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. అందరికీ పది లక్షలు ఇవ్వాలని నేనూ అనను.

నేను మాట్లాడుతున్నది తీరిగ్గా కూర్చుని రాసుకునే కాగితం గురించి. బహుమతుల విలువ 5,000 డాలర్లు దాటితే, ఫ్లోరిడా వాసులకు అవకాశమిచ్చే డ్రా నిబంధనలను మొదలయ్యే తేదీకి కనీసం 7 రోజుల ముందు ఆ రాష్ట్రానికి సమర్పించాలి. న్యూయార్క్‌లో అయితే 30 రోజుల ముందు. ఆ రెండు రాష్ట్రాలవారిని కొన్ని డ్రాలు పక్కన పెట్టడానికి ఇదొక కారణం. నెల రోజుల వ్యవధి ఉన్న కాగితాన్ని ఒక మనిషి ఒక్కసారి పైకి చదివితే జూన్ 15, జూన్ 12 కంటపడవా? ఒప్పందంలో అస్పష్టత ఉంటే దాన్ని రాసినవారికి వ్యతిరేకంగా అర్థం చేసుకోవాలన్నది అమెరికా కోర్టులు పాటించే పాత సూత్రం. నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

కొత్త సభ్యుడు:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాకు జరిగింది సరిగ్గా ఇదే. జులైలో ఒక డ్రాకు గడువు రాత్రి 11:59 ఈఎస్‌టీ (అమెరికా తూర్పు ప్రాంతపు ప్రామాణిక సమయం) అని రాశారు. నేను న్యూయార్క్ సమయం అర్ధరాత్రి దాటి 12:20కి ఫారం తెరిస్తే గడువు ముగిసిందని వచ్చింది. జులైలో అక్కడ నడిచేది వేసవి సమయం, అంటే ఈఎస్‌టీకి గంట ముందుండే ఈడీటీ. ఈఎస్‌టీ ప్రకారం అప్పటికి 11:20 మాత్రమే. డ్రా ఇంకా జరగలేదు. నాకు హక్కు ఉన్నట్టా, లేనట్టా?

ప్రచార విభాగం ఉద్యోగి:
ఈఎస్‌టీ అంటే తూర్పు తీరపు గడియారమనే అందరి ఉద్దేశం. గడువు దాటాక ఈ అక్షరాలు పట్టుకుని వాదించడం మంచి ఉద్దేశంతో చేసే పని కాదు.

నిబంధనల పాఠకురాలు:
ఆ మాట ఒప్పుకోను. ఈయన దురుద్దేశంతో రాలేదు, కాగితం మీద ఉన్న సమయానికి లోపలే వచ్చారు. ఉద్దేశం చూడాలంటే ఇద్దరిదీ చూడాలి. జిప్ కోడ్ తప్పినవారి ఉద్దేశం ఎవరైనా చూస్తున్నారా?

తప్పు దిద్దుకోవద్దని నేను అనడం లేదు. దిద్దితే ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో అదే పేజీలో కనిపించాలి. పాత మాట నమ్మి ఎంట్రీ పంపినవారికి, పంపబోయి ఆగిపోయినవారికి ఆ మార్పు వల్ల నష్టం రాకూడదు. చడీచప్పుడు లేకుండా పేజీ మార్చేసి, మొదటినుంచీ ఇలాగే ఉందనడమే నన్ను అన్నిటికంటే బాధిస్తుంది.

కొత్త సభ్యుడు గారూ, నిబంధనల పేజీ ఈరోజే నకలు తీసి దాచండి. గడువు ముగిసిందన్న సందేశం తెర బొమ్మ ఉంటే జతచేయండి. నిర్వాహకుల చిరునామా నిబంధనల చివర్లో ఉంటుంది. ఈఎస్‌టీ అని రాసిన వాక్యాన్ని యథాతథంగా ఉటంకించి, మీ ఎంట్రీని చేర్చుకోమని డ్రాకు ముందే రాయండి. డ్రా అయ్యాక ఎవరూ వినరు.

ప్రచార విభాగం ఉద్యోగి:
మార్పు తేదీ పేజీలో చూపాలన్న దానికి నాకూ అభ్యంతరం లేదు, మా దగ్గర అలాగే చేస్తాం. కానీ 12:20 ఎంట్రీని చేర్చుకుంటే, గడువు అయిపోయిందని 11:59కే ఆగిపోయిన వేలమందికి ఏం సమాధానం చెప్పాలి?

నిబంధనల పాఠకురాలు:
ఆ గంటసేపు ఫారం మళ్లీ తెరిచి, సంగతి అందరికీ ప్రకటించమని చెప్పాలి. అది నిర్వాహకుల చేతిలో ఉన్న పనే, ఖర్చు కూడా పెద్దగా లేదు.