గ్లకోమా ఆపరేషన్‌లో మైటోమైసిన్ పెడతారట, నాన్న కంటికి ఏమన్నా అవుద్దా?

రవి_కర్నూలు: మా నాన్నకి గ్లకోమా, చుక్కలు ఎన్ని వేసినా కంట్లో ప్రెషర్ దిగట్లేదు, ట్రాబెక్యులెక్టమీ చేయాలన్నారు. సంతకం పెట్టమన్న కాగితంలో మైటోమైసిన్ సి అని ఉంది, నెట్లో చూస్తే క్యాన్సర్ మందట! ఆయనకి క్యాన్సర్ లేదు కదా, మరి కంట్లో ఎందుకు? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

పద్మ_ఓటీ: కంటి ఓటీలో పనిచేస్తానండి. ఈ ఆపరేషన్‌లో కంట్లో నీరు బయటికి పోడానికి కొత్త దారి పెడతారు, ఒంటికేమో అది గాయం, మాన్పి మూసేస్తుంది, అప్పుడు ప్రెషర్ మళ్ళీ మొదటికే. కణాలు పెరక్కుండా ఆపుతుంది కాబట్టే ఈ మందు. మామూలుగా మిల్లీలీటరుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు కలిపి, స్పాంజి ముక్కలు తడిపి కాసిని నిమిషాలు తెల్లగుడ్డు మీది పైపొర కింద ఉంచి, తీసేసి సెలైన్‌తో బాగా కడుగుతారు. కంటి లోపలికి మాత్రం పోకూడదు, కార్నియా (కంటి ముందుండే అద్దంలాంటి పొర) లోపలి వరస కణాలు చచ్చిపోతే మళ్ళీ పుట్టవు.

సుజాత: పద్మగారు చెప్పింది నిజమే కానీ తర్వాత సంగతి కూడా చెప్పాలి. మందు ఎక్కువ పనిచేస్తే నీరు ఎక్కువ పోయి ప్రెషర్ మరీ పడిపోతుంది, రెటీనా (కంటి వెనక తెర) మధ్యలో ముడతలొచ్చి చూపు మసకేస్తుంది, చిన్న వయసు, మైనస్ పవర్ ఉన్నోళ్ళకి ఈ భయం ఎక్కువ. మా అత్తయ్యకి పై రెప్ప కింద, ఆ కొత్త దారిలో వచ్చిన నీరు చేరే బుడగ బాగా పల్చబడి, ఏళ్ళ తర్వాత కన్ను ఎర్రబడి చీము పట్టింది, వెంటనే తీసుకెళ్ళాం కాబట్టి చూపు దక్కింది. కన్ను ఎర్రబడినా, నొప్పొచ్చినా, నీరు కారినా అదే రోజు చూపించండి, పదేళ్ళు దాటినా సరే!!

కిరణ్: కంట్లో కండ పెరిగితే తీసేసి, మళ్ళీ పెరక్కుండా ఇదే మందు వాడతారు. ఒకప్పుడు ఇంటికి చుక్కలుగా కూడా ఇచ్చేవాళ్ళు, కొందరికి తెల్లగుడ్డు కరిగిపోయి చిల్లు పడింది, 1992లోనే అమెరికా డాక్టర్లు ఇలాంటి కేసులు రాశారు.

రవి_కర్నూలు: థాంక్యూ అండి. ఇదే పనికి ఫైవ్ ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్) అని ఇంకో మందు ఉందంట, అది సేఫా?

పద్మ_ఓటీ: దాన్ని ఎక్కువగా ఆపరేషన్ తర్వాత ఇంజెక్షన్లుగా ఇస్తారు బాబూ, కార్నియా పైపొర లేచిపోయి మంట, నీళ్ళు కారడం ఉంటాయి, చాలామందికి మందు ఆపితే మానుతుంది. దేనిదాని ఇబ్బంది దానికుంది. నాన్నగారికి ఎంత డోసు, ఎన్ని నిమిషాలు అని డాక్టర్‌ని అడగండి, కంటికి ఇదివరకు ఏ ఆపరేషన్ అయినా తప్పకుండా చెప్పండి, దాన్నిబట్టే డోసు మారుస్తారు.