జెల్ మీద బ్యాండ్ కనిపిస్తే ప్రోటీన్ దొరికినట్టేనా?

తిరుపతి స్కాలర్: చిత్తూరు దగ్గర రైతులిచ్చిన వేరుశనగ గింజల నుంచి ప్రోటీన్ తీసి ఎస్‌డీఎస్ జెల్ (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్) రన్ చేశాను. 63 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర మందంగా బ్యాండ్, అంటే రంగు గీత, వచ్చింది. అలర్జీ తెప్పించే వేరుశనగ ప్రోటీన్ అరా హెచ్ 1 అదేనని సీనియర్లు అంటున్నారు. ఆ పేరు థీసిస్‌లో రాసేయొచ్చా? అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్‌కు పంపితే ఖర్చు కదా అని టెన్షన్.

కూమాసీ (జెల్ మీద ప్రోటీన్లకు నీలం రంగు వేసే డై): రాసెయ్ తమ్ముడూ. 1970లో లెమ్లీ అనే శాస్త్రవేత్త ఇచ్చిన ఈ జెల్ పద్ధతిని ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. పక్కన మార్కర్ (బరువులు తెలిసిన ప్రోటీన్ల మిశ్రమం) వేసి గ్రాఫ్ గీస్తే మామూలుగా పది శాతం అటూ ఇటూగా బరువు తెలుస్తుంది.

ట్రిప్సిన్ (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైమ్): నేనొప్పుకోను అన్నా. జెల్ బరువు తూచదు, ప్రోటీన్ ఎంత దూరం కదిలిందో చూపిస్తుంది, అంతే. గ్రాము ప్రోటీన్‌కు సుమారు 1.4 గ్రాముల ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ అంటుకుంటుందన్న లెక్క మీద మనం బరువు అంచనా వేస్తాం. చక్కెర గొలుసులున్న ప్రోటీన్లలో ఆ లెక్క తప్పుతుంది, అరా హెచ్ 1కీ అవి ఉన్నాయి. పీ53 అనే ప్రోటీన్‌నే చూడండి. పేరులోని 53 జెల్ మీద కనిపించిన బరువు, అసలు బరువు 44 లోపే!

పైగా ఒకే బ్యాండ్‌లో రెండు మూడు ప్రోటీన్లు ఉండొచ్చు. బ్యాండ్‌ను శుభ్రమైన బ్లేడుతో కోసి, నీలం రంగు పోయేదాకా కడిగి, ట్రిప్సిన్ వేసి రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచాలి. అది లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాల తరువాత ప్రోటీన్ గొలుసును తెంపుతుంది. మాస్ స్పెక్ కొలిచిన ఆ ముక్కల బరువులు ప్రోటీన్ల డేటాబేస్‌తో సరిపోతేనే పేరు పెట్టాలి. గ్లవ్స్ మాత్రం మరవకు తమ్ముడూ, లేకపోతే మన చర్మంలోని కెరటిన్ వచ్చి కూర్చుంటుంది. అలర్జీ అంటే పిల్లల ప్రాణాలతో పని, ఊహ మీద పేరు రాయకూడదు.

కూమాసీ: మాస్ స్పెక్ మాత్రం అన్నీ చెబుతుందా? లూసీన్, ఐసోలూసీన్ అనే అమైనో ఆమ్లాల బరువు ఒకటే. డేటాబేస్‌లో లేని ప్రోటీన్‌ను పోల్చేదెలా? అయినా పీ53 మాట కాదనలేను. తమ్ముడూ, ‘జెల్ మీద సుమారు 63’ అని రాయి, పేరు ఇప్పుడే వద్దు.

ట్రిప్సిన్: అలా అయితే సరే. వేరుశనగ జన్యుక్రమం 2019లోనే వచ్చింది కాబట్టి పోల్చడానికి ఇబ్బంది లేదు. మొత్తం ప్రోటీన్ బరువు కచ్చితంగా కావాలంటే జెల్ ముక్క కాకుండా శుద్ధి చేసిన శాంపిల్ ఇవ్వాలి. ఏర్పేడు దగ్గరి సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో బయటి శాంపిళ్లు తీసుకుంటారేమో ముందు అడిగి చూడు.