లిటిల్ సోల్జర్స్ సగంలో ఆపేశాం, మిగతాది పాపకి చూపించాలా?

నాగావళి గట్టు:
ఆదివారం మా ఆరేళ్ల పాపకి లిటిల్ సోల్జర్స్ పెట్టాను. 1996లో గుణ్ణం గంగరాజు తీసింది. సన్నీ, బన్నీ అన్నాచెల్లెళ్లుగా బాలాదిత్య, బేబీ కావ్య. అమ్మానాన్నలు పోయే దగ్గర పాప బిగుసుకుపోయింది. ఆపేశాను. రాత్రి మా ఇద్దరి మధ్యకొచ్చి పడుకుంది. పిల్లల సినిమా అని ఇలాంటివి పెడతారా అని మా ఆవిడ ఒకటే గొడవ. మీరేమంటారు?

గంటస్తంభం:
ఆవిడ మాటే రైటు. ఆడుతూ పాడుతూ సాగుతున్న కథలో అంత దెబ్బ కొట్టాలా? అదే ఏడాది పెళ్లిసందడి, నిన్నే పెళ్లాడతా వచ్చాయి. మా విజయనగరంలో ఇంటిల్లిపాదీ వాటికే వెళ్లాం. దీని పేరెత్తినవాళ్లు నాకు గుర్తులేరు.

పాలకొండ రోడ్డు:
నేనొప్పుకోనండి. నేనూ థియేటర్లో చూడలేదు. శ్రీకాకుళంలో సెలవులొస్తే వీసీపీ, నాలుగు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకి తెచ్చేవాళ్లం. తెల్లారేలోగా నాలుగూ అవగొట్టాల్సిందే. వీధి పిల్లలంతా మా ఇంట్లోనే. రిమోట్ మావయ్య చేతిలో. సరిగ్గా అక్కడికి రాగానే "పిల్లలు జడుసుకుంటారు" అని ఫార్వర్డ్ నొక్కేశాడు. తెర మీద అడ్డగీతలు, పరిగెత్తే బొమ్మలు. ఆగేసరికి అన్నాచెల్లెళ్లిద్దరే ఉన్నారు.

అమ్మానాన్నలు ఏదో ఊరెళ్లారనుకున్నా. చివరిదాకా వస్తారని చూశా. రాలేదు. పిల్లల్ని వదిలేసి పోయారని వాళ్ల మీద ఎంత కోపమో! ఆ తర్వాత మా అమ్మ బజారుకెళ్తే చాలు, వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునేవాణ్ణి. జడుసుకోకూడదని మావయ్య చేసిన పనికి ఇదీ ఫలితం. (ఆయనకి ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.)

వీసీడీలో మొత్తం చూసింది కాలేజీ రోజుల్లో. బాగా ఏడ్చాను, కోపం పోయింది. అప్పటి సినిమాల్లో పిల్లలు ముద్దుమాటలకే పనికొచ్చేవారు. ఇందులో కథంతా మోసేది ఈ ఇద్దరే. ఆ దెబ్బ తీసేస్తే వాళ్లు మోయడానికి ఏముంటుంది?

గంటస్తంభం:
బాగానే ఉంది గానీ, అప్పుడు మీకెన్నేళ్లు?

పాలకొండ రోడ్డు:
తొమ్మిది.

గంటస్తంభం:
పాపకి ఆరే కదండీ. మూడేళ్లు ఆగితే కొంపలేమీ మునిగిపోవు.

నాగావళి గట్టు:
ఆగుదామనే అనుకున్నా. ఇందాక జడ వేయించుకుంటూ వాళ్లమ్మని అడిగిందట, "ఇప్పుడు బన్నీకి జడ ఎవరేస్తారు?" అని. వాళ్లన్నయ్య వేస్తాడులే అంటే, "వాడికి రాదు" అందట. మిగతాది పెట్టేయమని మా ఆవిడే అంటోంది. శనివారం చూస్తాం.