బీసీజీ అయ్యాక నడుము నొప్పి, అయోర్టా మీద సంచిలాంటి ఉబ్బు: ఇగ్రా నెగటివ్ అయితే వదిలేయొచ్చా?

ప్రశ్న (యూరాలజీ)
68 ఏళ్ల పెద్దాయన. మూత్రాశయ క్యాన్సర్‌కి బ్లాడర్‌లో బీసీజీ (టీబీ టీకాలో ఉండే, బలహీనపరిచిన బతికున్న బ్యాక్టీరియా) వేయడం పూర్తయి 14 నెలలైంది. రెండు నెలలుగా సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, నడుము నొప్పి. 6 కిలోలు తగ్గారు. బ్లడ్ కల్చర్ రెండుసార్లూ నెగటివ్. సీటీలో కిడ్నీ ధమనుల కింద అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) ఒక పక్కకి సంచిలా ఉబ్బి ఉంది, చుట్టూ వాపు. ఇగ్రా (టీబీ సోకిందా అని చూసే రక్త పరీక్ష) నెగటివ్ కాబట్టి టీబీ జాతిది కాదనుకోవచ్చా?

జవాబు 1 (మైక్రోబయాలజీ)
అనుకోవద్దు సార్. ఇగ్రా పట్టుకునేది టీబీ బ్యాక్టీరియాలోని ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్ల మీద వచ్చే స్పందనని. బీసీజీలో అవి లేనే లేవు. ఒళ్లంతా బీసీజీ పాకినా ఇగ్రా నెగటివ్‌గానే రావచ్చు. మామూలు బ్లడ్ కల్చర్ 5 రోజులకి మూసేస్తారు, బీసీజీ అందులో దొరకదు. మైకోబ్యాక్టీరియా (టీబీ, బీసీజీల జాతి) కల్చర్ అని విడిగా రాయండి, 6 నుంచి 8 వారాలు ఉంచుతాం. ఆపరేషన్‌లో తీసిన గోడ ముక్క సగం ఫార్మలిన్‌లో బయాప్సీకి, సగం సెలైన్‌లో మాకు పంపండి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్ అవకాశం పోయినట్టే. జీన్‌ఎక్స్‌పర్ట్ (టీబీ జాతి డీఎన్ఏని వెతికే పరీక్ష) పాజిటివ్ వచ్చినా అది బీసీజీయా, మామూలు టీబీయా అని చెప్పదు. అందుకే ఫారం మీద 'బ్లాడర్‌లో బీసీజీ వేశారు' అని తప్పక రాయండి.

జవాబు 2 (పల్మనాలజీ)
మందుల దగ్గర ఒక్క మాట. అలవాటుగా నాలుగు మందుల టీబీ మాత్ర మొదలుపెడతారు. అందులోని పైరజినమైడ్ బీసీజీ మీద పనిచేయదు, లివర్‌కి భారం మాత్రం మిగులుతుంది. మొదటి రోజు నుంచే మూడు మందుల మాత్ర ఇవ్వండి. ఒక్కో దానిలో ఐసోనియజిడ్ 75, రిఫాంపిసిన్ 150, ఇథాంబుటాల్ 275 మి.గ్రా. ఉంటాయి. మాత్రల సంఖ్య బరువుని బట్టి. సాధారణంగా 9 నుంచి 12 నెలలు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే రిఫాంపిసిన్ దాని పని తగ్గిస్తుంది, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) తరచూ చూడాలి. ఇథాంబుటాల్‌కి ముందే కంటి పరీక్ష, రంగుల చూపుతో సహా.

జవాబు 3 (వాస్కులర్ సర్జరీ)
కల్చర్ కోసం ఆపరేషన్ ఆపకండి మేడమ్, సార్. సంచిలాంటి ఇన్ఫెక్షన్ ఉబ్బు చిన్నదైనా పగలొచ్చు, సైజు చూసి నిబ్బరంగా ఉండడానికి లేదు. సీటీ యాంజియో (రక్తనాళాల సీటీ) ఛాతీ నుంచి మోకాళ్ల దాకా తీయించండి, తొడ ధమనిలో, మోకాలి వెనక రెండో ఉబ్బు ఉండొచ్చు. వెన్నెముక పక్కనుండే సోయాస్ కండరంలో చీము కూడా చూడండి. కుళ్లిన గోడంతా తీసేసి రిఫాంపిసిన్‌లో నానబెట్టిన గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళం) వేయడం ఒక దారి. స్టెంట్ గ్రాఫ్ట్ (ధమని లోపలి నుంచి అమర్చే గొట్టం) ప్రాణం నిలపడానికి పనికొస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపలే ఉండిపోతుంది. ఈలోగా కాస్త నల్ల విరేచనమైనా, కొద్దిగా రక్తవాంతి అయినా గ్యాస్ట్రిక్ అని పంపేయకండి. అయోర్టా పేగులోకి తెరుచుకుంటుందేమో అదే రోజు చూడాలి.

ప్రశ్న వేసినవారు
మూడు మందుల మాత్ర ఈ రోజే మొదలుపెట్టాం. సీటీ యాంజియో సాయంత్రానికి. సెలైన్ సీసా ఓటీలో పెట్టించాను.